నూరుడు రాయి కోసం బిలాస్‌పూర్ దాకా

మా విజయనగరంలో ఎవరితోనైనా బిలాస్‌పూర్ వెళ్తున్నానని చెబితే "ఏం చూడ్డానికి?" అని అడగరు. "ఎవరికి బాలేదు?" అని అడుగుతారు. తాతల నాటి నుంచి మా వైపు జనం అక్కడ రైల్వేలో కుదురుకున్నారు కాబట్టి ఇంటికొక చుట్టం అక్కడ ఉంటాడు. పెళ్లికో పరామర్శకో వెళ్లి, క్వార్టర్లో కూర్చుని కాఫీ తాగి వచ్చేస్తారు. ఊరెలా ఉంటుందని అడిగితే "బాగానే ఉంటుంది, ఎండ ఎక్కువ" అంటారు. నేను ఎందుకు వెళ్తున్నానో విన్నాక మాత్రం మా వీధిలో ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఒక గడ్డం కత్తికి పదును పెట్టడానికి వెళ్లాను.

నేను మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌ని. డాక్టరు గది ముందు నున్నటి చెంపలతో నిలబడటం నా ఉద్యోగంలో సగం పని. కొన్నేళ్ల కిందట వీడియోలు చూసి చూసి బుద్ధి గడ్డి తిని, మామూలు రేజరు పారేసి పాతకాలపు మడత కత్తితో గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాను. మొదటి నెలంతా డాక్టర్లే నాకు శాంపిల్ మందులిచ్చి పంపించారు. చెయ్యి కుదిరాక అసలు రోగం పట్టుకుంది. కత్తికి పదును కావాలి, పదునుకి రాయి కావాలి, ఒక రాయితో ఎప్పుడూ సరిపోదు. గరుకు రాయి చెడిన అంచుని చక్కజేస్తుంది. మధ్యరకం రాయి ఆ గరుకు గీతల్ని చెరుపుతుంది. ఆఖర్న నున్నటి రాయి ఒకటి ఉండాలి, చెంప మీద కత్తి నడిచినట్టే తెలియని పదును అదే ఇస్తుంది. ఆ ఆఖరి రాయి కొండలోంచి తవ్వినదైతే దాని సంగతి చూసి చెప్పలేం. రంగు చూసి మోసపోతాం, ధర చూసి మరీ మోసపోతాం. కత్తి పెట్టి చూడాల్సిందే. అలా చూసి చూసి మా ఇంట్లో డజను పైనే రాళ్లు పోగయ్యాయి. మా ఆవిడ వాటిలో ఒకదాని మీద వెల్లుల్లి దంచినప్పుడు నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉందని తను ఇప్పటికీ చెబుతుంది.

ఆ పరిస్థితిలో బిలాస్‌పూర్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఒరే శీనూ, నీకు కత్తులు నూరే పిచ్చి పట్టిందటగదా, నిజమేనేటి?"

"నిజమే పెద్దమ్మా."

"అయితే బేగి బయల్దేరి వచ్చీ. నీతో పనుంది."

పనేమిటంటే, పెద్దమ్మ మనవరాలు పండుకి ఆ వచ్చే ఆదివారం రతన్‌పూర్ అమ్మవారి దగ్గర పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. మొదటి జుత్తు పోయిన పెద్దనాన్న కత్తితోనే తీయాలని పెద్దమ్మ మొక్కుకుంది. పెద్దనాన్న లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. రోజూ డ్యూటీకి ముందు మడత కత్తితో గడ్డం గీసుకునేవాడు. ఆ కత్తి ఇంకా ఇంట్లో ఉంది. కానీ పెద్దమ్మ కోడలు సంధ్య, అంటే పండు తల్లి, ఆ తుప్పు కత్తి తన పిల్ల తల మీద పెడితే ఊరుకునేది లేదని తెగేసి చెప్పింది. కత్తికి పదునెక్కి సంధ్య ఒప్పుకోవాలి, లేదంటే పెద్దమ్మ మొక్కు తప్పుతుంది. పెద్దమ్మ కొడుకు రవి తల్లికీ పెళ్లానికీ ఇద్దరికీ తలూపి మెడ నొప్పి తెచ్చుకున్నాడు.

"మీ పెద్దనాన్న రాయి ఒకటుండేది కదా," అంది పెద్దమ్మ. "ఇక్కడికి దగ్గర్లో కోటా అని ఊరుంది కదా, అక్కడ సెలూన్ వాడికిచ్చీసినాడు. ఇంకా ఉందో లేదో. దొరికితే నువ్వే పట్టుకుపో, మాకేటి పని దాంతో."

ఆ మాటతో టికెట్ తీసేశాను. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే పెద్దనాన్న వరండాలో ఆ రాయి మీద కత్తి నూరుతూ కనిపించేవాడు. దగ్గరికెళ్తే కళ్లతోనే తరిమేసేవాడు. ఇన్నేళ్లుగా నేను జీతం తగలేసి వెతుకుతున్నది ఆ రాయి లాంటి రాయినే. పెద్దమ్మ మొక్కు సంగతి అమ్మవారు చూసుకుంటుంది, రాయి సంగతి నేను చూసుకుంటాను అనుకున్నాను.

రాయగడ దాటాక

ఎదురు బెర్తులో బొగ్గు కంపెనీ ఆఫీసులో పనిచేసే పెద్దమనిషి ఒకాయన. నెల్లూరు వైపు మనిషి. ఆయన పులిహోర పొట్లం విప్పాడు, నేను మా ఆవిడ కట్టిన దిబ్బరొట్టె విప్పాను, సగం సగం మార్చుకున్నాం. తిన్నాక చెయ్యి ఊరుకోక సంచీలోంచి నా జపాన్ రాయి తీసి చూపించాను. లేతాకుపచ్చగా సబ్బుబిళ్లలా ఉంటుంది. ఆన్‌లైన్లో తెప్పించాను. ఇంకా పెద్దగా వాడలేదు, మంచి రోజు కోసం దాచాను.

"ఎంతండీ?" అన్నాడాయన.

చెప్పాను. ఆయన రాయి వైపు చూసి, నా వైపు చూసి, "మీకు పిల్లలున్నారా?" అని అడిగాడు.

"ఇద్దరు."

"పాపం," అన్నాడు.

ఆ తర్వాత టిట్లాగఢ్ దాకా కిటికీలో కొండ కనిపించినప్పుడల్లా నా మోకాలు తట్టి, "అదుగో, మీకు కావాల్సినంత సరుకు" అని చూపిస్తూనే వచ్చాడు.

ప్లాట్‌ఫాం మీద పంచాయితీ

బిలాస్‌పూర్‌లో రైలు దిగి నాలుగడుగులు వేశానో లేదో సంచీ పిడి తెగింది. మూడు రాళ్లు, నా కత్తి, దాన్ని తోమే తోలు పట్టీ ప్లాట్‌ఫాం మీద పడ్డాయి. ఎక్కణ్ణుంచో ఒక రైల్వే పోలీసు ప్రత్యక్షమయ్యాడు. కత్తిని చూసి గొంతు పెంచాడు, రాళ్లని చూసి గొంతు తగ్గించాడు. కత్తి పట్టుకు తిరిగేవాణ్ణి చూసి ఉంటాడు, రాళ్లు విసిరేవాణ్ణీ చూసి ఉంటాడు, రెండూ గుడ్డలో చుట్టి భద్రంగా మోసుకొచ్చేవాడు ఆయన సర్వీసులో తగిలినట్టు లేదు.

"యే పత్థర్ కిస్‌లియే?" అన్నాడు.

ఉస్తరా నూరడానికని చెప్పాను. అంటే గడ్డం కత్తి. ఆయన నమ్మలేదు. ఇంకేం సాక్ష్యం చూపించను, చెంప ముందుకు చాపాను. ఆయన అటూ ఇటూ చూసి, ఒక్క వేలితో నిమిరాడు. మొహం మారిపోయింది. ఇంకో చెంప కూడా అడిగాడు. తర్వాత తన గడ్డం తడుముకుని, కత్తి సంచీ అడుగున పెట్టుకోమని చెప్పి, తెగిన పిడిని తనే తాడుతో కట్టి పంపించాడు.

దండం పెట్టాకే కాఫీ

రవి బుకింగ్ ఆఫీసులో పనిచేస్తాడు. వాళ్ల క్వార్టర్ రైల్వే కాలనీలో, ముందు వరండా, వెనక జామచెట్టు, వంటింటి పక్కన దేవుడి గూడు. పెద్దమ్మ ఇంట్లో పద్ధతి ఒకటుంది. ఎంత దూరం నుంచి వచ్చినా గూటి ముందు దండం పెట్టాకే కాఫీ. గూట్లో పటాలు కాకుండా ఒక అమ్మవారు ఉంది. జానెడు ఎత్తు నిలువు రాయి, ఒళ్లంతా పసుపు గట్టిపడిపోయి, దాని మీద కుంకం, రెండు వెండి కళ్లు, నెత్తి మీంచి చునరీ అనే ఎర్ర జరీగుడ్డ. నేను గబగబా దండం పెట్టాను. కాఫీ వాసన వస్తోంది.

"ఎవరు పెద్దమ్మా ఈ అమ్మవారు? చిన్నప్పుడు చూడలేదే."

"మీ పెద్దనాన్న తెచ్చి పెట్టినాడురా. ఏ తల్లండీ అనడిగితే 'మనింటి తల్లే' అని నవ్వినాడు. ఆ వారంలోనే వెళ్లిపోనాడు. మరేటి అడగను, ఎవర్ని అడగను?"

సంధ్య కాఫీ ఇస్తూ అందుకుంది. "బావగారూ, బహుత్ పవర్ఫుల్. పెళ్లయిన ఏడేళ్లు మాకు పిల్లల్లేరు కదా. ఈ తల్లికి మొక్కుకున్నాకే పండు పుట్టింది. శుక్రవారం చూడండి, ఈ క్వార్టర్ల లైనంతా ఇక్కడే ఉంటారు."

సంధ్య ఇక్కడే పుట్టి ఇక్కడే హిందీ మీడియంలో ఎమ్మెస్సీ దాకా చదివింది. తెలుగు మాట్లాడుతుంది కానీ బోర్డు చదవమంటే కూడబలుక్కుంటుంది. అంత చదివినావిడ పాత కత్తి వద్దనడంలో ఆశ్చర్యమేమీ లేదనిపించింది నాకు. పండు వచ్చి నా సంచీలోంచి గరుకు రాయి తీసి నాకి చూసి, నచ్చక పారేసింది.

పెద్దమ్మ కత్తి తెచ్చిచ్చింది. మంచి ఉక్కు. అంచు మాత్రం రంపంలా ఉంది.

"దీంతో ఏం కోశావు పెద్దమ్మా?"

"పాల పాకెట్లు," అంది. "ఆయన వస్తువు కదా, ఊరికే పడుండడం ఎందుకని."

సంధ్య అక్కడికక్కడే షరతు పెట్టింది. తన తలలోంచి ఒక పొడుగు వెంట్రుక పీకి, రెండు వేళ్లతో పట్టుకుని వేలాడదీసింది. కత్తి దాని మీద ఆనిస్తే చాలు, లాగకుండా, కొట్టకుండా తెగాలి. తెగితే ఆదివారం ఆ కత్తి, లేకపోతే రవి ట్రిమ్మరు. ఆ పరీక్ష కత్తి పిచ్చిగాళ్లందరం చేసుకునేదే, ఆవిడకి ఎలా తెలిసిందో మరి. వీడియోలు చూసిందట. అప్పటికి వెంట్రుక కత్తి మీద ఊయలూగింది తప్ప తెగలేదు.

జపాన్ రాయి కథ

మర్నాడు పొద్దున్నే రవి పోహా, జిలేబీ పట్టుకొచ్చాడు. మనం అటుకులు ఉప్మా చేసుకుని దాని పక్కన చట్నీ పెట్టుకుంటాం. వీళ్లు అటుకుల పక్కన జిలేబీ పెట్టుకుని ఒక ముద్ద ఇదీ ఒక ముక్క అదీ తింటారు. ముప్పై రూపాయలకి కడుపు నిండింది. మొదట వెక్కిరించాను, రెండో పొట్లానికి నేనే వెళ్లాను. మధ్యాహ్నం పెద్దమ్మ బాసీ పెట్టింది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున ఉల్లిపాయతో తినేది. అంటే మన చద్దన్నం. ఇక్కడ దాని గురించి గొప్పగా చెప్పుకుంటారు, మన ఊళ్లో గుట్టుగా తింటాం.

గరుకు రాయి, మధ్యరాయి బాగానే పని చేశాయి. రంపం పళ్లు పోయాయి, అంచు గీత తేరింది. ఇక ఆఖరి మెరుగు నా జపాన్ రాయిదే. నీళ్లలో నానాలని ముందు రోజే బకెట్లో వేసి ఉంచాను. పైకి తీద్దామని చెయ్యి పెడితే బకెట్లో నీళ్లు పచ్చగా ఉన్నాయి. రాయి తెల్లగా ఉంది. బొటనవేలితో నొక్కితే మూల మెత్తగా ఊడి వచ్చింది. రంగేసిన సిమెంటు పలక అది. నేను నేల మీద చతికిలబడిపోయాను.

పెద్దమ్మ వచ్చి బకెట్లోకి చూసింది. "ఇదేనేటి నువ్వు జీతం పోసి కొన్నది?"

"అవును పెద్దమ్మా."

"బట్టలకి అంటుకుంటాదేమో, దూరంగా పారబొయ్యి," అని లోపలికెళ్లిపోయింది.

బుధవారీ బజార్లో ఇనప సామాన్ల కొట్లన్నీ తిరిగాను. దొరికేవన్నీ కొడవళ్లకి పనికొచ్చే రెండు రంగుల రాళ్లే. ఒక కొట్టాయన నున్నటి రాయి కావాలంటే అర్పా నదికి వెళ్లి ఏరుకోమన్నాడు. వెళ్లాను కూడా. నదిలో నీటికంటే ఇసుక ఎక్కువ ఉంది. రాళ్లు ఏరుతున్న నన్ను చూసి బట్టలుతికే ఆవిడ ఒకామె, గుడి కడుతున్నారా అని అడిగింది. ఏరినవాటి మీద ఇంటికొచ్చి కత్తి పెడితే అన్నీ గీరాయి. సాయంత్రం సంధ్య వెంట్రుక పట్టుకుంది. వెంట్రుక వంగింది, జారింది, తెగలేదు. ఆవిడ వెళ్లి ట్రిమ్మరు చార్జింగు పెట్టింది. పెద్దమ్మ ఆ చార్జింగు ఎర్ర దీపం వైపు చూస్తూ అన్నం కూడా సరిగ్గా తినలేదు. అంతవరకూ నాకు ఇదంతా సరదాగానే ఉంది. మిగిలిన దారి కోటా ఒక్కటే.

కోటా: దుఖూరామ్ సెలూన్

శుక్రవారం కట్నీ లైన్లో వెళ్లే పాసింజరు ఎక్కి కోటాలో దిగాను. సంత రోజులా ఉంది, వంకాయలు, ఎండు చేపలు, ప్లాస్టిక్ కుర్చీలు అన్నీ ఒకే వరసలో. సెలూన్ కనుక్కోవడం కష్టం కాలేదు, పెద్దనాన్న పేరు చెబితే చాలు, "ఆ తెలుగు ఫిట్టర్ తగువు పడ్డ షాపా?" అన్నారు.

దుఖూరామ్‌కి అరవై ఏళ్లుంటాయి. పేరులోనే దుఃఖం గానీ మనిషి ఒక్క నిమిషం నవ్వకుండా ఉండడు. నన్ను మాట్లాడనివ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టి, సగం విరిచిన కొత్త బ్లేడు తొడిగిన కత్తితో గడ్డం మొదలుపెట్టి, కబుర్లలో పడి చెవి కింద తెగ్గోశాడు. పటిక రుద్ది, అది నా చర్మం తప్పని తేల్చేశాడు.

"రాయా? హవ్, ఉండేది," అన్నాడు. హవ్ అంటే ఆ వైపు అవునని. "పేండ్రా వైపు లైను పక్కన కొండ కోసినప్పుడు నీ పెద్దనాన్నకి దొరికిందట. బూడిదరంగు మీద పచ్చ జీర. కత్తి పెడితే అతుక్కుపోయినట్టు ఉండేది, తడిరాయి మీద నోటితో హా అని ఊదితే మొదటి వాన పడ్డ మట్టి వాసన. ఊది వాసన చూడందే మీ పెద్దనాన్న కత్తి ముట్టేవాడు కాదు. నాకు నెల రోజులకని ఇచ్చాడు. నేను రెండేళ్లు ఉంచుకున్నాను."

"ఇప్పుడెక్కడుంది?"

"ఇంకెక్కడుంటుంది, పట్టుకెళ్లిపోయాడుగా! గల్లాపెట్టె మీంచి పడి ఒక మూల పగిలింది, బొటనవేలు పట్టేంత. అది చూసి బజారంతా వినేలా తిట్టాడు. రేపు విశ్వకర్మ పూజ, నా సామాను నా ఇంట్లో ఉండాలి అని గుడ్డలో చుట్టుకుని పాసింజరెక్కేశాడు. మళ్లీ కనపడలేదు."

ఆ రాయి లేకుండా ఎలా గడుస్తోందని అడిగాను. దుఖూరామ్ పగలబడి నవ్వాడు. రెండు రూపాయల బ్లేడు వచ్చాక గంటల తరబడి రాయి రుద్దేది పనిలేనివాడేనట. గడ్డానికి నలభై తీసుకుని, చెవి గాయానికి ఐదు తగ్గించాడు.

తిరుగు రైల్లో నాకు దిగులు పట్టుకుంది. పూజకని ఇంటికి తెచ్చినవాడు ఎక్కడ పెట్టాడు? కోటా వెళ్లేముందే, ఎందుకైనా మంచిదని, క్వార్టరంతా నేను గాలించాను.

చునరీ మార్చే వేళ

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. లైన్లో ఆడవాళ్లు కొబ్బరికాయలతో వరండాలో కూర్చున్నారు. సంధ్య గూటి ముందు నిలబడి శుక్రవారం కదా అని అమ్మవారికి పాత చునరీ తీసి కొత్తది కడుతోంది. నేను దండం పెట్టడానికి చేతులెత్తాను. అమ్మవారి నెత్తి ఎడమ మూల పగిలి ఉంది. పసుపు మెత్తినా ఆ గుంట తెలుస్తోంది. సరిగ్గా నా బొటనవేలు పట్టేంత.

మా రైల్వే చుట్టాలందరి ఇళ్లలో విశ్వకర్మ పూజకి పని సామాను కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి దేవుడి దగ్గర పెడతారు. పూజ రోజులు గడిచాక తీసి మళ్లీ పెట్టెలో పడేస్తారు. పెద్దనాన్న రాయిని పసుపుతో ముంచి గూట్లో పెట్టాడు. తీసేలోపు తనే పోయాడు. ఆయన పెట్టినదాన్ని తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. రోజుకింత పసుపు ఎక్కి, ఎవరో కళ్లు తెచ్చి, ఎవరో చునరీ కట్టి, నూరుడు రాయి నాలుగేళ్లుగా హారతులు అందుకుంటోంది. వచ్చిన రోజు నుంచి నేను పూటపూటా దానికే దండం పెట్టి, దాని కోసమే ఊరంతా తిరిగాను.

ఆడవాళ్లు వెళ్లిపోయాక రవిని వరండాలోకి లాగి చెవిలో చెప్పాను. బుకింగ్ కౌంటర్లో అద్దం వెనక నుంచి అరిచి అరిచి వాడికి గుసగుస అలవాటు పోయింది.

"ఏటీ, అమ్మవారు నూరుడు రాయా!" అన్నాడు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్దమ్మ, ఆవిడ వెనక పండుని ఎత్తుకుని సంధ్య. ఇక దాచి లాభం లేదు. దుఖూరామ్ చెప్పిందంతా చెప్పాను. పెద్దమ్మ మంచం మీద కూర్చుండిపోయింది.

"మనింటి తల్లే అన్నాడురా," అంది. "ఎటకారం ఆడినాడన్నమాట నాతో. పోతా పోతా కూడా ఎటకారమేనేటి?"

నవ్వింది, నవ్వుతూనే కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. కోపం రావాల్సినావిడకి రాలేదు. వచ్చింది సంధ్యకి.

"నహీ! మీరు అబద్ధం చెప్తున్నారు బావగారూ. మీకు రాయి కావాలి, అందుకే ఈ కహానీ. నా పండుని ఈ తల్లే ఇచ్చింది."

రాయి కావాలన్న మాట నిజమే కదా. ట్రిమ్మరు మనిషి అనుకున్న సంధ్య ఆ రాత్రి గూటి ముందే చాప వేసుకుని పడుకుంది.

అభిషేకం

శనివారం పొద్దున్న సంధ్య తలస్నానం చేసి, తడి జుత్తుతో పాలగిన్నె పట్టుకుని వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"నేనే అభిషేకం చేస్తాను, ఎవరూ ముట్టుకోవద్దు. తర్వాత ఆ తల్లి మీదే కత్తి నూరండి బావగారూ. వెంట్రుక తెగిందా, తల్లి ఉన్నట్టు. అదే కత్తి పండుకి, తల్లి నా గూట్లోనే ఉంటుంది. తెగలేదా, వట్టి రాయి. మీరు పట్టుకెళ్లిపోండి. నేనింక దండం పెట్టను."

షరతు నాకు నెమ్మదిగా బుర్రకెక్కింది. బాగా నూరితే రాయి పోతుంది. చెడగొడితే రాయి నాది. చెడగొట్టడం ఎంత తేలికో నాకు తెలుసు. నూరేటప్పుడు కత్తి వీపు వెంట్రుక వాసి పైకెత్తితే చాలు, పదును గుండ్రంగా చచ్చిపోతుంది, బ్రహ్మదేవుడు కూడా పట్టుకోలేడు.

సంధ్య పాలు పోసింది, కుంకుడు రసం పోసింది, వేణ్ణీళ్లు పోసింది. పసుపు పెళ్లలు ఊడి పళ్లెం నిండింది. కింద నుంచి బూడిదరంగు తేలింది, మధ్యలో సన్నటి పచ్చ జీర. వెండి కళ్లు ఊడొచ్చినప్పుడు సంధ్య వాటిని అరచేతిలో దాచుకుంది. నేను రాయిని అందుకోబోయాను. పెద్దమ్మ నాకంటే ముందు తీసుకుంది. నోటి దగ్గర పెట్టుకుని హా అని ఊదింది, కళ్లు మూసుకుని వాసన చూసింది. చాలాసేపు దించలేదు.

"ఇదేరా," అంది. "డ్యూటీకెళ్లే ముందు ఇల్లంతా ఇదే వాసన."

నాకు ఏడుపొచ్చింది. రవి పండుని ఎత్తుకుని జామచెట్టు దగ్గరికెళ్లిపోయాడు.

ముందు రాయి ముఖాన్ని నా గరుకు రాయితో రుద్ది చదును చేశాను. నీళ్లు చల్లి, నా సంచీలో ఉంచుకునే చిన్న రాతిముక్కతో అరగదీస్తే గంధంలాంటి బురద తేలింది, తెల్లగా, వేళ్ల మధ్య ఇసుక అన్నది తగలకుండా. కత్తి పెట్టాను. వీపు ఎత్తడానికే పెట్టానని ఒప్పుకుంటాను. కత్తి రాయిని పట్టుకుంది. తడి గాజు పలకలు రెండు అతుక్కున్నట్టు అతుక్కుని, నేను తోసినంత మేరా వచ్చింది, చప్పుడు లేదు. అలాంటి రాయి మీద తప్పుగా నూరడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు. ఇందులో నా మంచితనం ఏమీ లేదు. మంచి పెరుగన్నం ముందు పెట్టుకుని ఎవడూ అందులో కావాలని ఇసుక వేసుకోడు. బురద పలచబడే కొద్దీ నీళ్లు కలుపుతూ, ఆఖర్న వట్టి నీళ్ల మీద లాగి, తోలు పట్టీ మీద తోమి, కత్తి సంధ్య ముందు పట్టుకున్నాను.

సంధ్య వెంట్రుక పీకి పట్టుకుంది. కత్తి దగ్గరికి తెచ్చాను. ఆనినట్టు కూడా అనిపించలేదు, సగం వెంట్రుక కింద పడిపోయింది. ఆవిడ నమ్మక ఇంకోటి పీకింది. అదీ పడింది. మూడోది అప్పుడే లోపలికొచ్చిన రవి తలలోంచి పీకింది, వాడు అరిచాడు, అదీ పడింది.

"తల్లే నూరిన కత్తి," అంది సంధ్య, ఏడుస్తూ నవ్వుతూ. "ఇంక నా పండుకి భయం దేనికి?"

ట్రిమ్మరు ప్లగ్గు తనే పీకేసింది.

రతన్‌పూర్

ఆదివారం బస్సులో పెద్దమ్మ కత్తిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుడి దారంతా చునరీలు, కొబ్బరికాయలు, వేడి వేడి బజ్జీలు. ఇక్కడ పిల్లల పుట్టువెంట్రుకల్ని గోధుమపిండి ముద్దలో పట్టుకుంటారు. మన వైపు పళ్లెంలో పాలు పోసి పడతాం. పెద్దమ్మ రెండూ చేయించింది, ఏ అమ్మవారికీ లోటుండకూడదని.

ఆయన కత్తి పట్టే మనిషివి నువ్వే అని పెద్దమ్మ కత్తి నాకే ఇచ్చింది. పండు సంధ్య ఒళ్లో కొబ్బరిముక్క చీకుతోంది. నెత్తి మీద తడిపిన జుత్తు కొద్దిగా పట్టుకుని కత్తి జరిపాను. పండు తలెత్తనే లేదు. జుత్తు పిండిముద్దలో పడ్డాక కూడా కొబ్బరి చీకుతూనే ఉంది. పెద్దమ్మ చేతులు జోడించి ఏదో గొణిగింది. అమ్మవారితోనో ఆయనతోనో నేను అడగలేదు. తర్వాత గుడి దగ్గర క్షురకుడు సరికొత్త బ్లేడు తీసి మిగతా గుండు మొదలెట్టాడు. పండు పెట్టిన కేక బస్టాండు దాకా వినిపించి ఉంటుంది.

ఖాళీ సంచీ

సాయంత్రం సంధ్య రాయికి అటూ ఇటూ పసుపు పూసింది, వెండి కళ్లు పైన అతికించింది, చునరీ కట్టింది. ముఖం మీద కూడా పసుపు పూయబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"నూరే చోటు వదిలీయమ్మా. పసుపు పూస్తే వాసన రాదు."

నేను గూటి వైపు చూస్తూ నిలబడ్డాను. అడిగితే పెద్దమ్మ ఇచ్చేస్తుందేమో. అడగలేదు. అంతకంటే మంచి రాయి నాకు ఈ జన్మలో దొరకదని తెలుసు, బాధగానే ఉంది, ఇప్పటికీ ఉంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ సంచీ తూచి చూసి, "రాళ్లు తగ్గాయే! ఆ అమ్మవారికి నిజంగానే మహిమ ఉంది," అని తూర్పు తిరిగి దండం పెట్టింది. ఆవిడకి దిక్కులు సరిగ్గా తెలియవు.

మొన్న రవి ఫోన్ చేశాడు. ఆ రోజు నుంచి పెద్దమ్మ పొద్దున్నే హారతిచ్చి, అమ్మవారి మీద హా అని ఊది వాసన చూస్తోందట. లైన్లో ఆడవాళ్లు చూసి అదే పద్ధతి కాబోలనుకుని, శుక్రవారం వచ్చినవాళ్లంతా వరసలో నిలబడి ఊదుతున్నారట. ఒకావిడ ఎన్నిసార్లు ఊదాలని అడిగితే సంధ్య క్షణం కూడా ఆలోచించకుండా మూడుసార్లని చెప్పేసిందట. నేను నవ్వి నవ్వి ఆయాసపడ్డాను.

"మరి పెద్దమ్మ ఏమంటోందిరా?"

"అమ్మ ఏటీ అనదు అన్నయ్యా," అన్నాడు రవి. "అందరూ వెళ్లిపోయినాక రాయి మీద నీళ్లు చల్లి, అప్పుడు తనొక్కతే ఊదుకుంటాది."